ఒటీలియా అత్తకి ఐదోవాడు

ఒటీలియా అత్తకి నలుగురితో పని లేదు. ఐదోవాడితోనే పని.

లోకంలో అందరూ నలుగురూ ఏమనుకుంటారో అనుకుంటూ బతుకుతారు. నలుగురిలో పరువంటారు, నలుగురి నోళ్ళంటారు, ఆఖరికి మోసుకెళ్ళడానికి కూడా నలుగురు చాలంటారు. యావోరెత్స్ కొండమీద చర్చి తాళాలు ముప్ఫై ఏళ్ళుగా చూసుకుంటున్న ఈవిడ మాత్రం, గుమ్మం ముందు నలుగురు నిలబడి ఉంటే వేలు పెట్టి లెక్కపెట్టి, పెదవి విరిచి, "ఒకరు తక్కువ" అనేది. ఆ ఒక్కరూ దొరికేదాకా తాళం తీసేది కాదు. వాన పడనీ, మంచు పడనీ, వచ్చినవాళ్ళు బిషప్పుగారి మేనల్లుళ్ళే కానీ, ఐదుగురుండాలి. లేదంటే పదిమంది, పదిహేనుమంది. ఏడుగురు వస్తే ఇంకో ముగ్గురి కోసం కొండ దిగేది. ఆరుగురు వచ్చిన రోజు మాత్రం ఆవిడకి నీరసం వచ్చేది. నలుగుర్ని పోగెయ్యాలి కదా మరి.

తనని తాను ఎప్పుడూ లెక్కలో వేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "వడ్డించేవాళ్ళు తినేవాళ్ళ లెక్కలోకి వస్తారా?" అనేది.

ఈ సంగతి ఫాదర్ రాదిమ్‌కి ఎవరూ ముందుగా చెప్పలేదు. ముప్ఫై ఆరేళ్ళ మనిషి, లెక్కల మాస్టారి కొడుకు. బ్ర్నో నగరంలో చదువుకుని, ఈస్టరు పండగ అయిన వారానికి యావోరెత్స్‌కి ఫాదరుగా వచ్చాడు. ఊళ్ళో రోజూ పూజ జరిగే చర్చి కింద బజారులో ఉంది. కొండమీదది యాత్రల చర్చి. ఏడాదికి రెండు మూడు పండగలకే అక్కడ పూజ, మిగతా రోజుల్లో చూడ్డానికి వచ్చేవాళ్ళే. తన చర్చిని తను చూసుకుందామని ఆయన మొదటిరోజు పొద్దున్నే ఉత్సాహంగా కొండెక్కాడు.

గుమ్మం దగ్గర పొట్టిగా, గుండ్రంగా, నడుముకి తాళాల గుత్తి వేలాడేసుకుని ఒకావిడ నిలబడి ఉంది. ఐదు తలుపులకి ఐదు తాళంచెవులు, ఒక్కొక్కటీ జానెడు పొడుగు.

"నేను కొత్త ఫాదర్ని అమ్మా."

"తెలుసు బాబూ. దండాలు."

"తలుపు తీస్తారా?"

ఆవిడ ఆయన్ని పైనుంచి కిందికి చూసి, ఆయన వెనక కూడా తొంగిచూసింది. వెనక ఎవరూ లేరు.

"నలుగురు తక్కువ," అంది.

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. బెంచీమీద కూచోమని చెప్పి కొండ దిగి వెళ్ళిపోయింది. ఫాదర్ రాదిమ్ తన సొంత చర్చి బయట ముప్పావుగంట కూచున్నాడు. ఆ తర్వాత మెట్లమీద ఊరేగింపు ఒకటి కనిపించింది. ముందు ఒటీలియా అత్త, వెనక ఒక పోస్టుమాను, ఒక ముసలమ్మ, చేతిలో చీపురుతో ఒక స్కూలు జవాను. అందరికన్నా వెనక, సగం మొహం గడ్డం చేసుకుని సగం మొహం సబ్బు నురగతో, ఇంటి చెప్పులతో ఒక పొడుగాటి పెద్దమనిషి.

"ఈయన అలోయిస్," అంది అత్త. "రైల్వేలో స్టేషన్ మాస్టరు చేసి రిటైరయ్యాడు. దేవుణ్ణి నమ్మడు."

"నమ్మను," అన్నాడు అలోయిస్, నురగ తుడుచుకుంటూ. "కానీ పది గంటల పదిహేను నిమిషాలకి రమ్మంది, వచ్చాను. ఆలస్యం చేసింది మీరే."

*

లోపలికి వెళ్ళాక కానీ ఆయనకి ఈ పిచ్చి మూలం ఎక్కడుందో తెలియలేదు.

ఎక్కడో పేరున్న పెద్ద చర్చి ఒకటి ఉందనీ, యావోరెత్స్‌ది దానికి చిన్న చెల్లెలనీ ఊళ్ళోవాళ్ళు చెప్పుకుంటారు. చెల్లెలైనా తీరు తీరే. పైనుంచి చూస్తే అది ఇల్లులా ఉండదు, నక్షత్రంలా ఉంటుంది. ఐదు కొనలు, ఐదు తలుపులు, ఐదు బలిపీఠాలు, ఐదు కిటికీలు. దాని చుట్టూ ప్రహరీకి ఐదు గేట్లు. మూడువందల ఏళ్ళ కిందట కట్టినాయన ఎవరో కానీ, నాలుగుతోనూ ఆరుతోనూ ఆయనకి ఏదో పాత పగ ఉండి ఉండాలి.

ఒటీలియా అత్త ఒక్కొక్కర్నీ భుజం పట్టుకుని ఒక్కొక్క కొనలో నిలబెట్టింది. కొత్త ఫాదర్ని కూడా. తను మధ్యలో నిలబడి మొదలెట్టింది.

"రాణీగారు పాపసంకీర్తనలో ఏ పాపాలు ఒప్పుకుందో చెప్పమని రాజుగారు అడిగాడు. అవి విన్న ఫాదరు సెయింట్ యాన్ చెప్పలేదు. కాళ్ళూ చేతులూ కట్టి వంతెనమీద నుంచి నదిలో పారేశారు. నీళ్ళమీద ఐదు నక్షత్రాలు వెలిగాయి. లాటిన్‌లో 'నోరు విప్పలేదు' అనే మాటకి అక్షరాలు ఐదే. ఇప్పుడు తల పైకెత్తండి."

ఎత్తారు. గోపురం నడినెత్తిన, బంగారు కిరణాల మధ్య, సున్నంతో చేసిన ఎర్రటి నాలుక ఒకటి వేలాడుతూ ఉంది. ఎద్దు నాలుకంత ఉంది.

"చెప్పని నాలుక కాబట్టి నెత్తిమీద పెట్టుకున్నాం," అంది అత్త. "చెప్పే నాలుకలు ఊరినిండా ఉన్నాయి, వాటినెవరు పెట్టుకుంటారు?"

పోస్టుమాను దగ్గాడు.

"ఇప్పుడు అందరూ నోరు మూసుకుని 'ఊ' అనండి. ఎవరి గొంతు వాళ్ళది. సిగ్గుపడకండి, ఇది పాట కాదు."

అన్నారు. మొదట అది ఐదు గొంతుల గొణుగుడులాగే ఉంది. తర్వాత ఒక్కొక్క 'ఊ' గోడ వంపు పట్టుకుని పైకి పాకి, గోపురంలో మిగతా నాలుగింటినీ కలుసుకుని, ఐదూ ఒకటే అయి నెత్తిమీదికి దిగింది. ఫాదర్ రాదిమ్‌కి అరికాళ్ళలో గిలిగింత పెట్టినట్టయింది. తన గొంతేదో స్టేషన్ మాస్టరు గొంతేదో ఆయనకి తెలియలేదు.

"ఒక కొన ఖాళీగా ఉంటే ఇలా రాదు," అంది అత్త. "నక్షత్రం కుంటుతుంది."

బయటికొచ్చాక ఆయన అన్నాడు, "అమ్మా, ఇకమీదట ఒకరు తక్కువైతే నన్ను పిలవండి. నేను నిలబడతాను."

"ఇవాళంటే మీరు చుట్టం. రేపట్నుంచి ఇంటివారు. ఇంటివాళ్ళని లెక్కపెట్టకూడదు బాబూ."

*

ఆవిడ ఇల్లు కూడా ఆ చర్చి కట్టినాయనే కట్టినట్టుండేది. ఐదు కోళ్ళు. ఒకటి చచ్చిపోతే కొత్తది కొనేదాకా పక్కింటి కోడిని అరువు తెచ్చేది. చారులో క్నెడ్లిక్ అనే ఉడికించిన పిండి ముక్కలు మనిషికి ఐదు. చాలంటే వినేది కాదు, ఇంకొకటి అడిగితే ఇంకో నాలుగు కలిపి పెట్టేది. అందుకని ఆ ఇంట్లో మారు వడ్డన అడగడానికి మగాళ్ళు కూడా భయపడేవారు.

ఆవిడ మొగుడు సిరిల్ ఇప్పుడు లేడు. అతను పెళ్ళి చేసుకోమని నాలుగుసార్లు అడిగితే కాదంది. ఐదోసారి ఔనంది.

"మొదటే ఔననొచ్చుగా అత్తా?" అని పెళ్ళికావలసిన అమ్మాయిలు అడిగేవారు.

"నాలుగుసార్లకి మానేసేవాడో కాదో తెలియాలిగా," అనేది.

సిరిల్ కూడా తక్కువవాడు కాదు. ఐదోసారి అడగడానికి వచ్చినప్పుడు ఉంగరంతోపాటు ముహూర్తం, ముందే మాట్లాడుకున్న బ్యాండు మేళం కూడా తెచ్చుకున్నాడట.

*

జూన్ నెలకి ఫాదర్ రాదిమ్‌కి అసలు బాధ మొదలైంది. సందర్శకుల పుస్తకం తెరిస్తే గుండె గుభేలుమనేది. "చర్చి అద్భుతంగా ఉందని విన్నాం. లోపలికి వెళ్ళలేదు." "బ్ర్నో నుంచి నలుగురం వచ్చాం. ఐదోవాడి కోసం నలభై నిమిషాలు కూచున్నాం. అతను వచ్చి దేవుడు లేడని వాదించాడు." "మేము ఆరుగురం. ఇంతకంటే రాయలేము."

లెక్కల మాస్టారి కొడుకు కదా, లెక్కలోనే ఉపాయం ఆలోచించాడు. చర్చి సామాన్ల గదిలో రంగు వెలిసిన సెయింట్ జోసెఫ్ ప్లాస్టరు విగ్రహం ఒకటి ఉంటే, ఇద్దరు మనుషుల్ని పెట్టి మోయించి నక్షత్రం ఐదో కొనలో నిలబెట్టాడు.

"ఇక నలుగురు వచ్చినా ఐదుగురే అమ్మా," అన్నాడు.

ఒటీలియా అత్త విగ్రహం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. వేళ్ళతో పొట్టమీద తట్టింది. డబ్‌డబ్ మంది.

"డొల్ల," అంది. "ఊ అంటాడా?"

"అనడు."

"చేతిలో రంపం కూడా ఉంది, పనిమీద పోతున్నట్టున్నాడు. పాపం ఆయన్ని ఎందుకు ఆపడం?"

సాయంత్రానికి సెయింట్ జోసెఫ్ సామాన్ల గదికి తిరిగి వెళ్ళిపోయాడు.

జూలైలో జరిగింది ఇంకా విడ్డూరం. జర్మనీ నుంచి నలుగురు వచ్చి నిలబడ్డారు. గేటు దగ్గరే మార్కేతా అని, హృదయం ఆకారంలో అల్లం బిస్కట్లు అమ్ముకునే ఆవిడ, బడ్డీ మూసి చేతులు దులుపుకుని వచ్చింది. "బేరాలేం లేవు అత్తా, నేను నిలబడతా."

"నువ్వొద్దులే," అంది అత్త.

"ఎందుకొద్దు? మనిషిని కానా?"

"మనిషివే. కానీ వద్దు."

అలా అని ఎండలో నూట ఎనభై మెట్లు దిగి, రొప్పుతూ, పోయిన నెలలో భార్య ఆస్పత్రిపాలైన చెప్పులు కుట్టే వావ్రాని వెంటబెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. జర్మనీవాళ్ళు ఆ సరికి మార్కేతా బిస్కట్లన్నీ తినేశారు.

ఇదంతా చూసిన ఫాదర్ రాదిమ్ ఆ రాత్రి తన డైరీలో, "సంకేతాల్ని మరీ అక్షరాలా తీసుకుంటే మనిషి ఏమైపోతాడో ఈవిడ ఉదాహరణ" అని రాసుకున్నాడు. రాసుకుని, వాక్యం బాగా వచ్చిందని కాస్త సంతోషించాడు కూడా.

*

అక్టోబరు మొదటివారంలో కవరొచ్చింది. పాత కట్టడాల ఆలనాపాలనా చూసే ఆఫీసు నుంచి. ఫిర్యాదులు అందాయనీ, కొండమీద చర్చికి మనిషికి బదులు టికెట్టు యంత్రమూ, చెవులకి తగిలించుకుంటే చరిత్ర చెప్పే పరికరమూ పెట్టే ఆలోచన ఉందనీ, తనిఖీకి ఇంజనీరు స్లావికోవా గారు మంగళవారం వస్తున్నారనీ అందులో ఉంది. చివర చిన్న వాక్యం. తాళాల ఉద్యోగి వయసు దృష్ట్యా విశ్రాంతి ఇచ్చే విషయం పరిశీలించగలరు.

ఫాదర్ రాదిమ్ ఆ ఉత్తరాన్ని రెండురోజులు జేబులో పెట్టుకుని తిరిగాడు. కోపం తెప్పించే మనిషే. అయినా ఆ తాళాల గుత్తి లేకుండా ఆవిడ నడుముని ఊహించుకోవడం ఆయనవల్ల కాలేదు. సోమవారం ఆవిడ ఇంటికి వెళ్ళి ఉత్తరం చదివి వినిపించాడు.

ఆవిడ కోళ్ళకి గింజలు వేస్తూ విన్నది.

"చెవులకి తగిలిస్తే చెబుతుందా?"

"చెబుతుందట."

"ఊ అంటుందా?"

"అమ్మా, రేపొక్కరోజు. ఎంతమంది వస్తే అంతమందికి తీసేయండి. నలుగురొచ్చినా సరే. నా మాట వినండి. లేకపోతే మీ ఉద్యోగం ఉండదు."

"చూద్దాంలే బాబూ," అంది. ఈ ఊళ్ళో ఏ ముసలావిడైనా చూద్దాంలే అన్నదంటే చూడదని ఆయనకి అప్పటికి ఇంకా తెలియదు.

మంగళవారం పొద్దున వాన. కారు వచ్చి ఆగింది. ఇంజనీరు స్లావికోవా గారు పొడుగ్గా, గొడుగులాగే నిటారుగా దిగింది. ఆవిడ వెనక ఇద్దరు సహాయకులు, వాళ్ళ వెనక డ్రైవరు. ఫాదర్ రాదిమ్ లెక్కపెట్టాడు. ఆరునెలల సావాసం, ఆయనకి తెలియకుండానే వేలు లేచింది. నలుగురు.

ఒటీలియా అత్త కూడా లెక్కపెట్టింది. ఆయన వంక చూసింది. ఆయన కళ్ళతోనే బతిమాలాడు.

"ఐదే నిమిషాలు," అని చెప్పి, గొడుగు కూడా లేకుండా మెట్లు దిగిపోయింది.

ఇంజనీరు గారు గడియారం చూసింది. "ఎక్కడికి వెళ్ళారావిడ?"

"ఐదో మనిషి కోసం," అన్నాడు ఫాదర్, చచ్చినంత పనై.

"ఇక్కడే ఉన్నాను కదండీ," అంది బడ్డీలోంచి మార్కేతా. "నన్ను లెక్కలోకి తీసుకోదు."

స్కూల్లో చరిత్ర చెప్పే ఆయన సెలవు పెట్టి మరీ చూడ్డానికి వచ్చి, చెట్టుకింద నిలబడి ఉన్నాడు. "నన్నూ తీసుకోదు," అన్నాడాయన.

ఇంజనీరు గారు నోటుపుస్తకం తెరిచి ఏదో రాసుకుంది. ఆ కలం చప్పుడు విన్నాక ఫాదర్ రాదిమ్ ఆగలేకపోయాడు. అత్తని చెయ్యి పట్టుకునైనా వెనక్కి తీసుకొద్దామని వానలో మెట్లమీద పరుగెత్తాడు.

*

అలోయిస్ ఇంటివైపు వెళ్ళి ఉంటుందనుకున్నాడు. కానీ తాళాల చప్పుడు పాత గాజు ఫ్యాక్టరీ వెనక సందులోంచి వినిపించింది. సందు చివర మూసేసిన గుండీల కొట్టు. ఆ కొట్టు ఆయనకి బాగా తెలుసు. ఈ ఊళ్ళో ఆయన చేసిన మొదటి అంత్యక్రియలు ఆ ఇంటివే. అక్కాచెల్లెళ్ళిద్దరు నలభై ఏళ్ళు గుండీలూ దారపుండలూ అమ్మారు. ఏప్రిల్లో అక్క పోయింది. ఆ రోజునుంచీ చెల్లెలు హెద్వికా కొట్టు తెరవలేదు, గుమ్మం దాటలేదు. రొట్టె కూడా కిటికీలోంచే తీసుకుంటుంది. ఫాదర్ రెండుసార్లు వెళ్ళి తలుపు తట్టాడు. తీయకపోతే, బాధలో ఉన్న మనిషిని ఇబ్బంది పెట్టకూడదని, తలుపుసందులో చీటీ పెట్టి మర్యాదగా వచ్చేశాడు.

ఒటీలియా అత్తకి అంత మర్యాద లేదు. పిడికిలితో తలుపు బాదుతోంది.

"హెద్వికా, తలుపు తియ్యి. కొంప మునిగింది."

లోపల్నుంచి నీరసంగా గొంతు. "ఏమైంది?"

"సర్కారువాళ్ళు వచ్చి కూచున్నారు. నలుగురే ఉన్నారు. నువ్వొచ్చి నిలబడకపోతే నా ఉద్యోగం ఊడుతుంది."

"వేరే ఎవరినైనా చూసుకో ఒటీలియా. నేను రాలేను."

"ఎవరున్నారే? ఊరంతా ఖాళీ."

"అలోయిస్ ఉన్నాడుగా?"

"జలుబు. గొంతు పూర్తిగా పోయింది."

సరిగ్గా అప్పుడే సందు మలుపులో, పెద్ద నల్ల గొడుగు వేసుకుని, గడ్డం నున్నగా గీసుకుని, టై కూడా కట్టుకుని అలోయిస్ వచ్చాడు. "ఏమిటే ఒటీలియా, అక్కడ నలుగురున్నారు, నేను రానా?" అన్నాడు, రైలు వచ్చినట్టు ఊరంతా వినపడే గొంతుతో.

అత్త వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. "నీకు జలుబు," అంది.

"నాకేం జలుబు? నేను బాగానే..."

"జలుబు."

అలోయిస్ మూసిన తలుపుని చూశాడు. ఫాదర్ని చూశాడు. మళ్ళీ తలుపుని చూశాడు. "అవును, జలుబే," అని బొంగురుగా, రెండుసార్లు దగ్గి, గొడుగు తిప్పుకుని వచ్చినదారినే వెళ్ళిపోయాడు.

తలుపు బెత్తెడు తెరుచుకుంది. లోపల హెద్వికా, చిక్కిపోయి, ఏప్రన్ వెనక ముడి ఊడిపోయి. ఆమె చూపు అత్తమీద నుంచి ఫాదర్ మీదికి వెళ్ళింది.

"ఇదిగో, ఫాదర్ని అడుగు," అంది అత్త, తడిసిన జుట్టు మొహాన అతుక్కుపోయి ఉంటే తుడుచుకోకుండా. "బాబూ, మీరే చెప్పండి. ఊళ్ళో ఇంకెవరైనా దొరుకుతారా?"

ఫాదర్ రాదిమ్ నోరు తెరిచాడు. మార్కేతా, చరిత్ర మాస్టారు, ఇప్పుడే దగ్గుకుంటూ వెళ్ళిన అలోయిస్, దారిలో బీరు కొట్టు అరుగుమీద ముగ్గురు. ఆయన లెక్కల మనిషి. ఆరుగురు. జూలైలో చెప్పులు కుట్టే వావ్రా, మొదటిరోజు వచ్చిన ముసలమ్మ, సగం గీసిన గడ్డంతో అలోయిస్, అందరూ వరసగా ఆయన కళ్ళముందు నిలబడ్డారు. మార్కేతాని ఎందుకు వద్దన్నదో, డైరీలో రాసుకున్న ఆ మంచి వాక్యం ఎంత వెధవ వాక్యమో ఒక్కసారే అర్థమైంది.

ఆయన అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. తెరిచిన నోరు మూసుకున్నాడు. "వాన పెరుగుతోంది హెద్వికా గారూ. కోటు వేసుకోండి," అన్నాడు.

*

నక్షత్రంలో ఐదుగురూ నిలబడ్డారు. ఏప్రన్ మీద కోటు తొడుక్కున్న హెద్వికా ఉత్తరం కొనలో గోడకి అతుక్కుపోయింది. ఒటీలియా అత్త రాజుగారి కథ, నది కథ, నాలుక కథ చెప్పి, "ఊ" అనమంది.

డ్రైవరు గొంతు పాత ట్రాక్టరులా లేచింది. సహాయకులిద్దరూ అధికారి ముందు సిగ్గుపడుతూ సన్నగా అన్నారు. ఇంజనీరు గారు పనిమీద వచ్చిన మనిషిలా ముక్కుతో అంది. ఉత్తరం కొనలోంచి ఏమీ రాలేదు. శబ్దం పైకెళ్ళి, గోపురంలో తడబడి, ఎటో జారిపోయింది.

"కుంటింది," అంది అత్త. "మళ్ళీ."

మళ్ళీ కుంటింది.

"మళ్ళీ," అంది అత్త. హెద్వికా వైపు చూడనేలేదు. తల పైకెత్తి నాలుకనే చూస్తూ నిలబడింది.

మూడోసారి, ఆరునెలలుగా ఎవరితోనూ మాట్లాడని గొంతులోంచి, బావిలోంచి చేద పైకొచ్చినట్టు, లోతుగా ఒక ఊ వచ్చింది. గోడ వంపు పట్టుకుంది. ట్రాక్టరుని కలుసుకుంది. ఐదూ ఒకటే అయి కిందికి దిగినప్పుడు ఇంజనీరు గారి చేతిలో కలం అలాగే ఆగిపోయింది. హెద్వికా గోడకి ఆనించిన చెయ్యి మెల్లగా తీసి, రెండు చేతులూ కోటు కిందికి పెట్టి ఏప్రన్ ముడి వేసుకుంది.

"ఇంకోసారి," అన్నారెవరో. అత్త కాదు. ఇంజనీరు గారు.

కారెక్కబోతూ ఆవిడ గొడుగు మడిచి ఫాదర్ని పక్కకి పిలిచింది. "ఒక సందేహం. ఆ బిస్కట్ల ఆవిడ గేటు దగ్గరే ఉంది. ఆ మాస్టారూ ఉన్నారు. వాళ్ళని ఎందుకు తీసుకోలేదు?"

"మార్కేతాకి ముగ్గురు అన్నదమ్ములు, ఒక మొగుడు, ఇద్దరు అత్తలు," అన్నాడు ఫాదర్. "మాస్టారికి అరవైమంది విద్యార్థులు."

ఇంజనీరు గారు కొంచెంసేపు ఆయన మొహంలోకి చూసింది. అప్పుడే మెట్లు దిగుతున్న హెద్వికాని చూసింది. ఆమె చెయ్యి అత్త చంకలో ఉంది, మార్కేతా ఆమె చేతిలో బలవంతంగా అల్లం బిస్కట్టు పెడుతోంది. ఇంజనీరు గారు నోటుపుస్తకంలో ఏదో కొట్టేసింది.

రెండువారాలకి ఉత్తర్వు వచ్చింది. కట్టడం ప్రత్యేకత దృష్ట్యా సందర్శకుల బృందం ఐదుగురికి తగ్గరాదనీ, తక్కువైన పక్షంలో తాళాల ఉద్యోగి స్థానికంగా ఏర్పాటు చేయవలెననీ. ఫాదర్ ఉత్సాహంగా చదివి వినిపించాడు. ఒటీలియా అత్త అరువు కోడిని పక్కింటికి సాగనంపుతూ వింది.

"ఇందులో కొత్తేముంది బాబూ?" అంది.

*

ఆ సాయంత్రం బీరు కొట్టులో ఫాదర్ రాదిమ్ అలోయిస్ ఎదురుగా కూచున్నాడు. మనసులో మాట ఆపుకోలేక మెల్లిగా చెప్పాడు. "అత్త లెక్క నాకు అర్థమైంది స్టేషన్ మాస్టారూ. ఆవిడకి ఐదోవాడు అక్కర్లేదు. ఒంటరిగా ఇంట్లో కూచున్నవాళ్ళని బయటికి లాగడానికి అదొక వంక."

అలోయిస్ బీరు నురగ తుడుచుకున్నాడు. "ఇప్పటికి తెలిసిందా? మా ఆవిడ పోయిన ఏడాది నేను అరవై ఒక్కసారి ఎక్కాను. రెండోసారికే కనిపెట్టాను."

"కనిపెట్టీ ఎక్కారా?"

"మరేం చెయ్యను? ఎక్కకపోతే పాపం ఆవిడ బాధపడదూ? సిరిల్ పోయాక ఆ ముసలిదానికి ఎవరున్నారు చెప్పండి, ఆ నక్షత్రమూ ఐదు కోళ్ళూ తప్ప? అందుకే ఊళ్ళో ఎవర్ని పిలిచినా చేస్తున్న పని వదిలేసి వెళతాం. వావ్రా అంతే, పోస్టుమాను అంతే. ఆవిడ ఒంటరిది కదా ఫాదర్, కాస్త కనిపెట్టుకుని ఉండాలి." ముందుకి వంగి గొంతు తగ్గించాడు. "ఈ సంగతి ఆవిడతో మాత్రం అనకండి. అభిమానం గల మనిషి."

ఫాదర్ రాదిమ్ బీరు గ్లాసు పట్టుకుని చాలాసేపు నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నారని అలోయిస్ రెండుసార్లు అడిగాడు. చెప్పలేదు.

నవంబరులో మంచు కురుస్తున్న ఒక ఆదివారం మధ్యాహ్నం, పొరుగూరి యాత్రికులు బస్సులో వచ్చారు. ఒటీలియా అత్త ఫాదర్ కిటికీ మీద తట్టి, "పద్నాలుగుమంది," అంది. మోకాలు పట్టేసి అప్పటికే కుంటుతోంది.

"మీరు ఉండండి అత్తా. నేను చూసుకొస్తాను," అన్నాడు ఫాదర్. ఆవిడని అత్తా అని పిలవడం అదే మొదటిసారి.

అలోయిస్ ఇంటిముందు నుంచి వెళ్ళాడు, ఆగలేదు. ఊరి చివర, కొత్తగా వచ్చిన పశువుల డాక్టరు ఇంటిముందు ఆగాడు. కుర్రవాడు వచ్చి మూడువారాలైంది. ఊళ్ళో ఆవులన్నిటితో పరిచయమైంది కానీ మనుషులెవరితోనూ కాలేదు. కిటికీ దగ్గర నిలబడి డబ్బాలోంచి చేపముక్కలు తింటున్నాడు.

ఫాదర్ పిడికిలితో తలుపు బాదాడు. "డాక్టరుగారూ, కొండమీద ఒకరు తక్కువయ్యారు. ఊరంతా వెతికాను, ఎవరూ లేరు," అన్నాడు. ఇలాంటి అబద్ధం పాపసంకీర్తనలో ఎలా చెప్పుకోవాలో తర్వాత ఆలోచించుకోవచ్చనుకున్నాడు.

డాక్టరు డబ్బా పట్టుకునే తలుపు తీశాడు. "నేనా? నాకు చర్చి సంగతులేం తెలియవండీ. పాడటం కూడా రాదు."

"ఊ అనడం వచ్చా?"

డాక్టరు కాస్త ఆలోచించాడు. "ఊ," అన్నాడు.

"చాలు. కోటు వేసుకోండి."